గంప మీది మూడు

నా పెళ్ళిని ఆపింది నేను చేసిన వెబ్‌సైటే. ఈ మాట చెబితే మా ఆఫీసులో ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం! ఆ నాలుగు నెలలు ఎంత ఏడ్చానో నాకు తెలుసు, చివరికి ఎలా గెలిచానో కూడా నాకే తెలుసు.

మాది కోయంబత్తూరు. గాంధీపురం బస్టాండు వెనక సందులో, చీరల కొట్టు మీద రెండో అంతస్తులో మా ఆఫీసు. వెబ్‌సైట్లు చేయడం మా పని. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా వాళ్ళు ఇక్కడికి వచ్చి ఎన్ని వందల ఏళ్ళయిందో లెక్క తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ తెలుగులో సగం తమిళం కలిసిపోయింది. చదువు తమిళంలో, ఉద్యోగం ఇంగ్లీషులో. తెలుగు ముక్క ఏదైనా రాయాల్సి వస్తే తమిళ అక్షరాల్లోనే రాసుకుంటాం. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు నేను ముప్ఫై దాటాక నేర్చుకున్నవి. మొదట నేర్చుకున్నది అ ఆ కాదు. క, గ.

మాలో ఇంటిపేరు రోజువారీ పనికి రాదు. బడి రిజిస్టరులో ఉండదు, ఆధార్ కార్డులో ఉండదు. పేరు ముందు నాయన పేరులోని మొదటి అక్షరం ఒకటి తగిలిస్తాం, అంతే. ఇంటిపేరును బయటికి తీసేది రెండే రెండు సందర్భాల్లో, ఇంటిదేవుడి కొలుపుకు, పెళ్ళి సంబంధానికి. ఇంటిపేరు ఒకటైతే ఎక్కడున్నా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. వాళ్ళ మధ్య పెళ్ళి మాట ఎత్తితే చెంప పగులుతుంది.

నేను చేసుకోవాలనుకున్న ఆయనది మదురైకి పడమర ఉన్న కంబం లోయ. ద్రాక్షతోటలు. అక్కడి రైతులకు మేం ఒక పేజీ చేసిచ్చాం, ఏ మందు ఎప్పుడు కొట్టాలి, వాన ఎప్పుడుంది అని చూసుకోవడానికి. చేసిచ్చిన వారానికే ఈయన బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. చేతిలో అద్దం పగిలిన పాత ఫోను. మా పేజీ తెరిస్తే అందులో తెల్లగా ఖాళీ.

"ఈ ఫోను పాతది సార్. కొత్తది తీసుకుంటే బాగా వస్తుంది" అన్నాను, తమిళంలోనే, కాస్త విసురుగా.

"ఇది మా నాయన ఫోను" అన్నాడు, తనూ తమిళంలోనే. వెంటనే ఇంటికి ఫోను చేసి, "అది రాలేదు నాయనా, ఇక్కడ ఉండే అమ్మాయి ఫోను మార్చమంటాది. పేజీ మార్చేకి గదా ఈళ్ళను పెట్టుకొనింది!" అని నా ఎదురుగానే తెలుగులో నన్ను తిట్టాడు. నాకు అర్థం కాదనుకున్నాడు పాపం. "పేజీ మారుస్తాను, తిట్టేది చాలించండి" అని నేనూ తెలుగులో అనేసరికి ఆ మనిషి ముఖం చూడాలి!

పేజీ మార్చాను. నిజం చెప్పాలంటే తప్పు నాదే. పాత బ్రౌజర్‌కు తెలియని సోకులన్నీ ముందు పెట్టి, అసలు రాతను వాటి వెనక దాచాను. రాత ముందు, సోకులు తర్వాత అని తిరగేసి రాస్తే వాళ్ళ నాయన ఫోన్లో కూడా చక్కగా తెరుచుకుంది. ఆయన చెప్పిందే సరైనదని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఏడాదికి పెళ్ళి చేసుకుందామని ఇద్దరం ఇళ్ళల్లో చెప్పాం.

మా అమ్మ సంబరపడింది. మా నాయన తన అన్న వైపు చూశాడు, ఎందుకంటే మా ఇంట్లో ఏ మాటైనా పెద్దనాయన నోటినుంచి రావాలి. పెద్దనాయన కళ్ళజోడు పెట్టుకుని తాపీగా అడిగాడు, "అబ్బాయిది ఏ ఇల్లు?"

"కంపోళ్ళంట" అంది అమ్మ. అనేసి, తనే నాలుక కరుచుకుంది.

ఎందుకంటే మేమూ కంపోళ్ళమే. ఇంటిపేరు ఎప్పుడూ వాడుకలో లేకపోవడం వల్ల నాకు అప్పటిదాకా తట్టనే లేదు. వాళ్ళ ఇంటిపేరు విన్నప్పుడు కూడా, కంబం వాళ్ళు కాబట్టి అలా అంటారేమో అనుకున్నాను. ఎంత తెలివో చూడండి!

పెద్దనాయన ఫోను తీశాడు. మా వాళ్ళ సంఘం వెబ్‌సైట్ ఒకటుంది, కోయంబత్తూరు నుంచి మదురై దాకా ఉన్న మా ఇళ్ళన్నిటి పట్టిక అది. ఏ ఇంటివాళ్ళు ఏ ఊళ్ళలో ఉన్నారు, ఇంటిదేవుడెవరు, అన్నీ ఉంటాయి. తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోవడంతో సంబంధాలు చూసేటప్పుడు అందరూ దాన్నే తెరుస్తారు. పెద్దనాయన వెతికాడు. తమిళ అక్షరాల్లో కంప. దాని కింద మా ఊరు ఉంది, కంబం పక్కన వాళ్ళ ఊరూ ఉంది.

"చూడు కణ్ణూ, ఒకే ఇల్లు. వాడు నీకు అన్నయితాడు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ మండింది.

"సైట్లో తప్పు ఉండొచ్చు గదా పెద్దనాయనా!"

"తప్పా? ఈ సైటు నువ్వు చేసిండేదే గదమ్మా! నువ్వే తప్పంటే ఇంక ఎవుర్ని నమ్మేది?" అన్నాడు. మా నాయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నిజమే, అది నేను చేసిందే. ఇదే ఆఫీసులో, నా మొదటి ఉద్యోగంలో మొదటి పని. అంతకుముందు సంఘం పట్టిక పాతకాలపు పేజీలుగా ఉండేది, ఎవరో ఒక మాస్టారు నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాసినవి. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే స్వాగతం. వాటిని చూసి నేనూ నా తోటి వాళ్ళూ ఎన్ని జోకులేసుకున్నామో! దాన్నంతా కొత్త సైటులోకి మార్చమన్నారు. చిన్న ప్రోగ్రాం రాశాను. పాత పేజీల్లో రాత ఎలా కనబడాలో చెప్పే ట్యాగులన్నిటినీ పీకేసి, రాతను మాత్రం తీసుకుని, రెండుసార్లు వచ్చిన పేర్లను ఒకటిగా కలిపేసే ప్రోగ్రాం. మధ్యాహ్నం మొదలుపెడితే టీ వేళకు అయిపోయింది. మేనేజరు మెచ్చుకున్నాడు, నేను మురిసిపోయాను.

వద్దన్న తర్వాత పెద్దనాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ వేరే సంబంధాల మాట మొదలుపెట్టింది. కంబం నుంచి ఆయన ఫోను చేసి, "లేచి వచ్చేయ్, రిజిస్టరాఫీసులో చేసుకుందాం" అని ఒకసారి అన్నాడు. అన్న గంటకే మళ్ళీ చేసి, "వొద్దు, మా నాయన తట్టుకోలేడు" అన్నాడు. నాకూ అదే బాధ. మా పెద్దనాయన ఎదురుగా తలెత్తుకుని నిలబడి, ఆయన చేతనే సరే అనిపించుకోవాలి. లేకపోతే ఆ పెళ్ళి నాకు పెళ్ళిలా ఉండదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో పని మానేసి ఆ సైటు తెరిచి మా ఇంటి పేజీని కోపంగా చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది. కంప అన్న ఇంటికి ఇంటిదేవుళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మా దేవుడు. ఇంకొకరి పేరు నేనెప్పుడూ వినలేదు. ఒక ఇంటికి ఇద్దరు దేవుళ్ళు మాలో ఉండరు. ఇవి ఒకప్పుడు రెండు పేర్లు. వాటిని కలిపింది ఎవరు? ఇంకెవరు, ఈ మహాతల్లే!

పాత పేజీల కాపీ మా ఆఫీసులో లేదు. సంఘం వాళ్ళ దగ్గరా లేదు, "కొత్తది వచ్చాక పాతది ఎందుకమ్మా" అన్నారు. ఆ మాస్టారు మదురై దగ్గర వాడిపట్టి అనే ఊళ్ళో ఉంటారని మాత్రం చెప్పారు. మర్నాడు సెలవు పెట్టి మదురై బస్సెక్కాను.

ఆయన ప్రభుత్వ బడిలో తమిళం చెప్పి రిటైరయినవారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నేను ఇంకా గ్లాసు కింద పెట్టకముందే అడిగారు.

"సంఘం సైటు గురించా పాపా? ముందు ఇది చెప్పు. నా మూడుని తీసింది ఎవురు?"

"ఏ మూడు అయ్యా?"

"అదేమి ఏ మూడని అడిగేది? పేర్ల పైన పెట్టింటినే, చిన్న మూడు! ఎన్నిసార్లు ఫోను చేసినా సంఘంలో ఉండేవోళ్ళు, అది ఏదో అచ్చుతప్పు సార్, తీసేసినారు అని చెప్పినారు. అచ్చుతప్పా అది? ఎవురో తెలిస్తే చెప్పు, ఒక నాలుగు మాటలు అడగాల."

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ట, డ రెండింటికీ ఒకటే, ప, బ రెండింటికీ ఒకటే. మాట మొదట్లో వస్తే అందరూ గట్టిగానే పలుకుతారు. ఆయన ఊరూరా తిరిగి ముసలివాళ్ళ నోటినుంచి ఇంటిపేర్లు విన్నప్పుడు ఈ చిక్కు వచ్చిందట. గంప అన్నా కంప అన్నా తమిళంలో రాస్తే ఒక్కటే. పాతకాలపు స్తోత్రాల పుస్తకాల్లో తమిళ అక్షరం పక్కన చిన్న అంకె వేసి సంస్కృతం పలుకు చూపిస్తారు గదా, ఆయనకు అది గుర్తొచ్చింది. క, ఖ, గ అని వరసలో మూడోది కాబట్టి, మెత్తగా పలకాల్సిన అక్షరం నెత్తిన చిన్న మూడు పెట్టారు. వెబ్ పేజీలో అలా అంకెను చిన్నగా పైన కూర్చోబెట్టడానికి సప్ అని ఒక ట్యాగుంది. దానికోసమే మదురైలో కంప్యూటరు సెంటరుకు వెళ్ళి సాయంత్రాలు నేర్చుకున్నారు. నేను ట్యాగులతోపాటు ఆ అంకెలనూ చెత్త కింద ఊడ్చేశాను. మూడు పోయాక గంపా కంపా ఒకటే అయ్యాయి. ఒకటే అయిన పేర్లను నా ప్రోగ్రాం కలిపేసింది.

"అయ్యా, తీసింది నేనే" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వా? మన ఇండ్ల పాపవేనా నువ్వు? బయటోళ్ళు తీసింటే పోనీలే అనుకుందును. ఎన్ని ఇండ్లు కలిపేసినావో ఎంచినావా? మా ఊర్లోనే ఇద్దురి పెండ్లి మాటలు నిలిచిపోయె!" అని మొదలుపెట్టి, నాలుగు మాటలని చెప్పి నలభై అన్నారు. నా ఒక్కదాని పెళ్ళే ఆగిందనుకుని ఏడుస్తూ వచ్చినదాన్ని, ఇంకెంతమందిని ఏడిపించానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత నా సంగతి చెప్పాను. ఆయన విని, లేచి లోపలికి నడుస్తూ, "రా" అన్నారు.

ఆయన కంప్యూటరులో ఆ పేజీ తెరిచారు. పసుపు రంగు, ఎర్ర అక్షరాలు, పరుగెత్తే స్వాగతం. అన్నీ అలాగే ఉన్నాయి.

"నాలుగు కంప్యూటర్లు మార్చినాను పాపా. కొత్తది కొన్నప్పుడంతా ముందు దీన్నే తెరిచి చూసేది. బ్రౌజరు ఎన్నిసార్లు మారినా ఇది తెరుచుకోకుండా పోలేదు. ఒకటే పోయింది, మినుక్కు మినుక్కుమనే అక్షరాలు పెట్టింటిని, అది ఇప్పుడు మినుక్కనేది లేదు."

"అది పోతే పోనీండి అయ్యా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

పెన్ డ్రైవ్‌లో కాపీ చేసుకుని అక్కడే నా లాప్‌టాప్‌లో తెరిచాను. పేజీ వచ్చింది. పసుపూ వచ్చింది, స్వాగతమూ పరుగెత్తింది. కానీ అక్షరాలు? తమిళం కాదు, తెలుగు కాదు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. దీన్ని పెద్దనాయనకు చూపిస్తే, "ఇదేందమ్మా, దయ్యం పట్టిందా" అంటాడు.

ఊపిరి పీల్చుకుని పేజీ లోపలి రాత చూశాను. అది, అన్ని కంప్యూటర్లకూ అక్షరాల లెక్క ఒకటే చేసిన యూనికోడ్ రాకముందు కాలం రాత. ఫలానా ఫాంటులో చూపించు అని ఆయన ప్రతి పేరాకూ ఫాంట్ ట్యాగు పెట్టారు. ఆ ఫాంటు ఆయన కంప్యూటరులో ఉంది, ఒకప్పుడు మా ఆఫీసు కంప్యూటరులోనూ ఉండేది, నా దాంట్లో లేదు. అంతే సంగతి! ఫాంటు ఫైలు అడిగి తీసుకుని పేజీ పక్కన పెట్టి, ఆ ఫాంటు ఇక్కడుంది తీసుకో అని బ్రౌజరుకు చెప్పే ఒక్క వాక్యం పైన చేర్చాను. ఒక్కటంటే ఒక్కటే. ఆయన రాసిన దాంట్లో చుక్క కూడా కదపలేదు. మళ్ళీ తెరిస్తే పేజీ నిండా తమిళ అక్షరాలు, వాటి నెత్తిన చిన్న చిన్న మూడులు. నేను అరిచిన అరుపుకు లోపలి నుంచి వాళ్ళావిడ పరుగెత్తుకొచ్చింది.

ఫాంట్ ట్యాగును వెబ్ ప్రమాణాల నుంచి ఏనాడో కొట్టేశారు. వాడొద్దు, పాతది, తప్పు అని మాకు పాఠాల్లో చెప్పారు. కానీ అవే ప్రమాణాలు బ్రౌజర్లు చేసేవాళ్ళకు ఇంకో మాట చెబుతాయి, ఎవరైనా ఎప్పుడో దీన్ని వాడి ఉంటే చూపించక తప్పదు అని. రాసేవాళ్ళకు వద్దు, చూపించేవాళ్ళకు తప్పదు. ఈ పాత బరువంతా ఎందుకు మోస్తారో అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఎక్కడో ఎవరో నాకు తెలియని ఇంజనీర్లు, వాడిపట్టిలో ఒక మాస్టారు రాసిన పేజీ గురించి ఏమీ తెలియకుండానే, దాన్ని పగలగొట్టకుండా ఇన్నేళ్ళు కాపాడారు. పగలగొట్టిందల్లా ఇంటి మనిషినైన నేనే. ఆ రోజు వాళ్ళందరికీ ఒక దండం పెట్టాను, వరండాలో నిలబడి, నిజంగా చేతులెత్తే పెట్టాను.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పెద్దనాయన ఎదురుగా కూర్చున్నాను. లాప్‌టాప్ చూపిస్తే అందులో నేను ఏదో మాయ చేశానంటాడు. అందుకే ఆ పేజీలను సర్వర్ మీద పెట్టి, ఆయన ఫోన్లోనే తెరవమన్నాను. మాస్టారు ఎప్పుడో రాసిన పేజీ, మా పెద్దనాయన అరచేతిలో, పసుపు రంగుతో సహా తెరుచుకుంది.

"ఇదేంది, పేరు పైన ఏందో అంకె?" అన్నాడు.

"పైకి పొయ్యి చదువు పెద్దనాయనా. దాన్ని ఎట్ల పలకాలో రాసుండాది."

చదివాడు. మూడు ఉంటే మెత్తగా, గాలిలో గ మాదిరిగా. మూడు లేకపోతే గట్టిగా, కాలులో క మాదిరిగా. ఆయన పెదాలు కదిలాయి. కిందికి జరిపి మా ఇంటి దగ్గర ఆగాడు.

"గం... గంప" అన్నాడు. "గంప. ఇంటిదేవుడి కొలుపుకు కొత్త గంపలో బియ్యం మోసుకొని పోతారు. ఆ గంపను మళ్ళా ఇంటికి తీసుకొని రారు." చదవడం ఆపి మా నాయన వైపు తిరిగాడు. "ఏరా, ప్రతి కొలుపుకూ మనం కొత్త గంప ఎందుకురా కొనేది?"

"అట్లే కొంటాము. ఎందుకని ఎవురడిగినారు?" అన్నాడు నాయన.

"దాని కింద ఉండేది కూడా చదువు" అన్నాను.

కిందది మూడు లేని పేరు. కంబం వాళ్ళది. వాళ్ళ దేవుడు వేరు, వాళ్ళ ఆచారం వేరు. కొలుపు రోజున గుడి చుట్టూ ముళ్ళకంప నాటి, అది దాటి లోపలికి వెళ్ళాలి. పెద్దనాయన అదీ పైకే చదివాడు. తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు.

"మా యమ్మ గంపోళ్ళని చెప్తా ఉండె" అన్నాడు. "నేనే సరిచేస్తిని. బళ్ళో చదువుకొనినాను గదా, అట్ల కాదమ్మా, కంపోళ్ళు, రాసేది అట్లే అని చెప్తిని. ఆ పొద్దు నుంచి మా యమ్మ మళ్ళా అట్ల చెప్పనే లేదు. నా మాట విని మానేసె."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ మంచినీళ్ళు తెచ్చింది, తాగలేదు. గంప, గంప, గంపోళ్ళము అని తనలో తనే రెండుమూడుసార్లు అనుకున్నాడు, ఒక్కోసారీ కాస్త గట్టిగా.

"అయితే పెద్దనాయనా..." అని నేను మొదలుపెట్టబోయాను.

"ఉండు కణ్ణూ, తొందర పడాకు. ఆ అబ్బాయి నాయన నంబరు చెప్పు."

చెప్పాను. నాయన నంబరు నొక్కి ఇచ్చాడు. స్పీకరు పెట్టారు. అవతల ద్రాక్షతోటలో మోటారు చప్పుడు, దాని మీదుగా ఎవరు మాట్లాడేది అని ఆ పెద్దమనిషి గొంతు.

పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. "నేను కోయంబత్తూరు నుంచి, గంపోళ్ళ పెద్దోణ్ణి మాట్లాడేది. ఏం బావా, బాగుండావా?"

మోటారు చప్పుడు ఆగింది.

"బాగుండాను బావా" అన్నారు ఆయన.

మా నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ వంటింట్లోకి పరుగెత్తింది. నేను లేచి నిలబడి, వీధి వీధంతా వినబడేలా కేక వేశాను.